ఏలీయా ఇచ్చిన విడాకులు

క్రిస్నోవ్ జనానికి తమ తప్పు తమదని ఒప్పుకునే అలవాటు ఏనాడూ లేదు. పురిట్లో బిడ్డ పోతే లీలీతు దయ్యం ఎత్తుకుపోయిందనేవాళ్ళు, మంత్రసాని చేతులు కడుక్కుందా లేదా అని మాత్రం అడిగేవాళ్ళు కాదు. కొట్లో సరుకు మాయమైతే దయ్యాల రాజు అస్మోదయి ఆటాడాడనేవాళ్ళు, తాళం వెయ్యడం మరిచిన వెధవని పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. ఇక పొరపాటున ఏదన్నా మంచి జరిగిందా, అదంతా ఏలీయా ప్రవక్త చలవే. ఆయన చావకుండా అగ్నిరథం మీద పైకి పోయినవాడట, ముష్టివాడి వేషంలో ఊళ్ళు తిరుగుతుంటాడట, లోకాన్ని రక్షించే మెస్సీయా రాబోయే ముందు కబురు తెచ్చేదీ ఆయనేనట. ఈ మాటలు ఉగ్గుపాలతో తాగిన యూదుల ఊరది. దోబ్రిష్‌కి ఆ ఊరంటే ఒళ్ళుమంట. పుట్టిన ఊరే, అయినా సరే ఒళ్ళుమంటే.

ఆమెకి ముప్పై రెండేళ్ళు. బాతులు పెంచి, ఈకలు పీకి, పస్కా పండగకి ఊరందరికీ కొవ్వు కరిగించి ఇచ్చేది. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే, ఎక్కడో బ్రోదిలో ఉన్న మేనత్త ఒక సంబంధం చూసి అక్కడే పెళ్ళి చేసింది. పెళ్ళికొడుకు పేరు ఓజర్. మంచి మాటకారి. ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున ఉప్పు కొనుక్కొస్తానని వెళ్ళాడు, పన్నెండేళ్ళయినా ఆ ఉప్పు ఇంటికి రాలేదు. దోబ్రిష్ కొన్నాళ్ళు ఏడ్చింది, కొన్నాళ్ళు తిట్టింది, తర్వాత మూట సర్దుకుని పుట్టిన ఊరికి వచ్చేసి బాతుల్ని కొంది. క్రిస్నోవ్‌లో ఓజర్ ముఖం ఎరిగినవాడు ఒక్కడూ లేడు.

మొగుడు పోతే పోయాడని దులిపేసుకోవడానికి వాళ్ళలో కుదరదు. వాడు చచ్చాడని చెప్పే సాక్షన్నా ఉండాలి, లేదా వాడు స్వయంగా చెప్పి రాయించిన విడాకుల పత్రం పెళ్ళాం చేతిలో పెట్టన్నా పెట్టాలి. రెండూ లేకపోతే ఆ ఆడది కాటికి పోయేదాకా వాడి పెళ్ళామే. కాదని ఇంకొకణ్ణి కట్టుకుందా, పుట్టిన పిల్లలకీ, ఆ పిల్లల పిల్లలకీ మచ్చ, వాళ్ళకి ఏ ఇంటివాళ్ళూ పిల్లనివ్వరు. దోబ్రిష్ ఏటేటా ఊరి మతగురువు రబ్బీ దగ్గరికి వెళ్ళి అడిగేది. ఆయన గడ్డం నిమురుకుని, "ఇది ఏలీయా వచ్చి తేల్చాల్సిన చిక్కమ్మా, అప్పటిదాకా ఆగాలి" అనేవాడు. తమకి తెగని ప్రతి చిక్కునీ వాళ్ళ పండితులు వందల ఏళ్ళుగా అలాగే ఏలీయా నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటున్నారు. వాళ్ళకేం, ఆగేది వాళ్ళు కాదుగా!

ఈ ఏడు మాత్రం ఆగే వీలు లేకుండా పోయింది. జీనులు కుట్టే యూకెల్ అని ఒకతను ఉన్నాడు. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. రెండేళ్ళుగా ఏదో ఒక వంకన వచ్చి బాతుల దడి బాగుచేసి పోతుండేవాడు. ఊరు మొత్తమ్మీద దోబ్రిష్ ఈసడించుకోని మనిషి అతనొక్కడే. పస్కాకి ముందు వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

"మా అక్క కోలొమియాలో ఎవర్నో చూసిందట. పండగ కాగానే మాట ఇచ్చెయ్యమంటోంది. ఎన్నాళ్ళని కాదంటూ ఉండను, దోబ్రిష్? పిల్లలకి జడ వేసే దిక్కు లేదు."

 అతను వెళ్ళాక దోబ్రిష్ బాతుల మధ్య కూర్చుని, ఓజర్‌ని వాడి ఏడు తరాలతో కలిపి తిట్టింది. ఏం లాభం? తిట్లకి విడాకులు రావు.

పండగ మొదటి రాత్రి ఒంటరి ఆడవాళ్ళని ఎవరో ఒకరు తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవాలి. దోబ్రిష్‌ని కలప వ్యాపారి నూసెన్ ఇంటికి పిలిచారు. పిలవడమంటే ముందు వంటింట్లో నడుం విరిగేలా చాకిరీ చెయ్యడం, ఆనక బల్ల చివర ఇంత చోటు ఇవ్వడం. నూసెన్ ఊళ్ళోకల్లా కలిగినవాడు. రబ్బీ ఇంటి కప్పు దగ్గర్నుంచి ప్రార్థన మందిరంలో దీపాల నూనె దాకా అతని పుణ్యమే. ఆ సంగతి రోజుకి పదిమందికి గుర్తుచేస్తేగానీ అతనికి తిన్నది అరగదు.

భోజనాలయ్యాక ఏలీయా కోసమని పెద్ద వెండి గిన్నె నిండా ద్రాక్షసారా పోసి వీధి తలుపు తెరుస్తారు. ప్రతి ఏడూ చలిగాలి తప్ప ఇంకెవరూ రారు. ఆ ఏడు నూసెన్ పెళ్ళాం త్సిర్ల్ తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక మనిషి! తెల్లటి గడ్డం, చేతిలో కర్ర, చిరుగుల కోటు. ముష్టికొచ్చినవాడు. తలుపు తట్టబోతుండగా దానంతట అదే తెరుచుకుంది పాపం, వాడే ముందు ఉలిక్కిపడ్డాడు. త్సిర్ల్ "ఏలీయా!" అని కేకపెట్టి ఉన్నచోటే కూలబడింది. నూసెన్ లేచి నిలబడ్డాడు, అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన గుమ్మం తొక్కక ఏలీయా ఇంకెవరి గుమ్మం తొక్కుతాడు! వెండి గిన్నె రెండు చేతులా ఎత్తి అందించాడు.

వచ్చినవాడు గిన్నెని చూశాడు, బల్లని చూశాడు, బల్లమీద మిగిలిన బాతుని ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు. "హుఁ, హుఁ" అని గొంతు సవరించుకున్నాడు. "ఈ ఇంటికి శాంతి" అన్నాడు. గిన్నె గటగటా ఖాళీ చేసి, నూసెన్ కుర్చీలోనే కూర్చున్నాడు.

దోబ్రిష్ చేతిలో పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంది. ఆ గొంతు సవరింపు ఆమెకి తెలుసు. కాపురం చేసినన్నాళ్ళూ, ప్రతి అబద్ధానికీ ముందు వినేది. ఉప్పు కొనుక్కొస్తానన్న పొద్దున కూడా విన్నది. గడ్డం తెల్లబడింది, పొట్ట పెరిగింది, అయినా వాడే. ఓజర్.  వెంటనే సిగ్గూ శరమూ లేకుండా ఆనందం పొంగుకొచ్చింది. వాడు బతికే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు!

త్సిర్ల్‌ని వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది. "అక్కా, ఏలీయా లేడు, గాడిదగుడ్డూ లేదు. వాడు నా మొగుడు."

త్సిర్ల్ ఆమె కేసి జాలిగా చూసింది. ఆ జాలికి దోబ్రిష్‌కి చెంప పగలగొట్టాలనిపించింది.

"మగతోడు లేక నీకు మతి చెడిందే దోబ్రిష్. నీ మొగుడెక్కడ, ఆ మహానుభావుడెక్కడ! ఈ మాట మా ఆయన వింటే నిన్ను గడప కూడా తొక్కనివ్వరు. పో, ఆయనకి ఇంకో ముక్క వడ్డించు."

దోబ్రిష్ వెళ్ళి వడ్డించింది. ఓజర్ తలెత్తి ఆమెని చూశాడు, వెంటనే తల పళ్ళెంలో పెట్టేశాడు. వాడూ గుర్తుపట్టాడు.

తెల్లారేసరికి ఊరు ఊరంతా నూసెన్ వాకిట్లో ఉంది. జ్వరం పిల్లల్ని తెచ్చినవాళ్ళు కొందరు, గొడ్డు ఈనలేదని వచ్చినవాళ్ళు కొందరు. ఓజర్ అందరి తలల మీదా చెయ్యి పెట్టాడు, అందరికీ "త్వరలో" అన్నాడు. ఏమడిగినా ఆ ఒక్క మాటే. ఆ "త్వరలో"ని జనం ఇంటికి పట్టుకెళ్ళి, తిరగేసి మరగేసి, దానికి నూరు అర్థాలు తీసుకున్నారు. రొట్టెలవాడు కప్పు బాగుచేయించడం మానేశాడు. మెస్సీయా వస్తుంటే కప్పెందుకట! దర్జీల ప్రార్థన మందిరంవాళ్ళు ప్రవక్తని తమ దగ్గరికి పంపమని గొడవకి దిగారు. ఎక్కడ ఎత్తుకుపోతారోనని నూసెన్ మేడ మీద గదిలో పెట్టి, గుమ్మం ముందు ఇద్దర్ని కాపలా ఉంచాడు. పీపాలు చేసే లైబ్ ఒకడు, వాడి బావమరిది షమై ఒకడు. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా తెలివి కూడా లేదు. వాళ్ళ ముఖాల్లో ఆ రెండు రోజులూ ఎంత గర్వమో!

పండగ మొదటి రెండు రోజులూ పనులు చెయ్యరు. మూడోనాడు నడిమి రోజులు మొదలవగానే త్సిర్ల్ పిలిచి, బాతు పులుసు పైకి పట్టుకెళ్ళమంది. దోబ్రిష్ మేడెక్కింది. తలుపు మూసిందో లేదో, ఈకల పరుపు మీద పడుకున్న ప్రవక్త లేచి కూర్చున్నాడు.

"ఏమే, బాగా చిక్కిపోయావు."

"నువ్వు బాగా తెల్లబడ్డావు. కష్టపడి మాత్రం కాదుగా?"

"అబ్బా, ఆ నోరు ఇంకా అలాగే ఉందే!" ఓజర్ పులుసు అందుకుని తినడం మొదలుపెట్టాడు. "నేనేం ఎవర్నీ మోసం చెయ్యలేదు. తలుపు తీశారు, గిన్నె చేతికిచ్చారు. నువ్వెవరివిరా అని ఒక్కడన్నా అడిగాడా? అడిగితే చెప్పేవాణ్ణే."

ఆ మాట నిజమే. వాడి నోట నిజం రావడం ఆమె మొదటిసారి విన్నది. అందుకు వాడి మీద కోపం తగ్గకపోగా ఊరిమీద కోపం రెట్టింపయింది.

"నాకు విడాకులు కావాలి" అంది.

"ముందు నన్ను ఇక్కణ్ణుంచి బయటపడెయ్యవే తల్లీ! వీళ్ళు నన్ను కదలనివ్వట్లేదు. పండగ ఆఖరి రోజు గుట్ట మీదికి తీసుకెళ్ళి పొట్టేలు కొమ్ము ఊదిస్తారట, మెస్సీయా దిగి రావాలట. రాకపోతే?"

"రాకపోతే నిన్ను అక్కడే పాతేస్తారు. మంచి పనే. అప్పుడు నేను విధవనవుతాను, చూసిన సాక్షులు ఊరినిండా ఉంటారు."

ఓజర్ మింగుతున్న ముద్ద గొంతుకి అడ్డంపడింది. కాసేపు ఆలోచించాడు. ముఖం వికసించింది.

"ఇంకో మాట చెప్తా విను. నీ మొగుడు చచ్చాడని నేనే చెప్పేస్తాను. ఏలీయా చెప్తే కాదనే మొనగాడు ఎవడు? నీకు విడాకులూ అక్కర్లేదు, నాకు పేరు బయటపడే బాధా లేదు. నువ్వు నీ దారిన నీకు నచ్చినవాణ్ణి కట్టుకో."

"కట్టుకుని? పుట్టే పిల్లల సంగతో?"

"తెలిసేదెవరికే? నీకూ నాకే కదా!"

"నాకు తెలిస్తే చాలదూ? నాకు విడాకులు కావాలి. ఏలీయా ఇచ్చేది కాదు, ఓజర్ ఇచ్చేది" అని గిన్నె లాక్కుని కిందికి దిగిపోయింది. పులుసు ఇంకా సగం ఉంది.

ఓజర్ ఎప్పుడు ఎవరి మాట విన్నాడు గనక! ఆ సాయంత్రమే జనాన్ని పిలిపించి, కిటికీలోంచి గొంతు సవరించుకుని చాటింపేశాడు. "బాతుల దోబ్రిష్ మొగుడు ద్నీస్టర్ నదిలో మునిగిపోయాడు. ఆమెకి స్వేచ్ఛ వచ్చింది!" ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. త్సిర్ల్ వచ్చి దోబ్రిష్‌ని వాటేసుకుని ముద్దులు పెట్టింది. "చూశావుటే? మొన్న ఆయన్ని ఎంత మాటన్నావు! ఆయన చూడు, మనసులో పెట్టుకోకుండా నీ చెర విడిపించాడు." నూసెన్ అయితే తన వాకిట్లోనే పందిరి వేసి, ప్రవక్త చేత దీవెనలిప్పించి పెళ్ళి చేయిస్తానన్నాడు. మళ్ళీ పెళ్ళికి అనుమతి రాయమని రబ్బీకి కబురు కూడా పెట్టేశాడు.

యూకెల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను పరుగెత్తడం ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. ముఖమంతా నవ్వు. దోబ్రిష్‌కి ఆ నవ్వు చూసి గుండె జారిపోయింది. నోరు మూసుకుంటే చాలు. అంతే చెయ్యాలి. రబ్బీ రాసిస్తాడు, ఊరు దీవిస్తుంది, ఈ మనిషి సంతోషిస్తాడు. ఓజర్ మళ్ళీ ఎక్కడికో పోయి ఇంకెవరి దగ్గరో ఇంకెవరో అవుతాడు. ఎవరికీ తెలియదు. ఆమెకి ఆ మాట ఒప్పేసుకోవాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. కానీ రేపు బిడ్డ పుడితే, ఆ బిడ్డ ముఖం చూసినప్పుడల్లా ఓజర్ అబద్ధమే కనిపిస్తుంది. వాడు పన్నెండేళ్ళు మింగింది చాలక, మిగిలిన బతుకు కూడా వాడి దయా? ఛీ!

"యూకెల్, నా మొగుడు చావలేదు. ఆ మేడ మీద కూర్చుని నా బాతులే తింటున్నాడు. వాడే ఆ ఏలీయా."

యూకెల్ నవ్వు పోయింది.  "నువ్వు చెప్పావుగా, ఇంకేం" అన్నాడు. "నన్నేం చెయ్యమంటావు?"

"పండగ అయ్యేదాకా మీ అక్కకి మాట ఇవ్వకు."

అక్కణ్ణుంచి తిన్నగా రబ్బీ ఇంటికి వెళ్ళింది. ఆయన కలం చెక్కుకుంటూ కూర్చున్నాడు. బల్ల మీద అనుమతి రాయడానికి కాగితం సిద్ధంగా ఉంది.

"రబ్బీ గారూ, అది రాయకండి. వాడు ఏలీయా కాదు, నా మొగుడు ఓజర్."

ఆయన ఆశ్చర్యపోలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం.

"నీ మొగుడని తెలీదు గానీ, ఏలీయా కాదని మొదటి రోజే తెలుసమ్మా. రొట్టె మీద చదివే దీవెనలో రెండు తప్పులు చదివాడు."

"తెలిసీ నోరు మూసుకున్నారా? తెలిసే నాకు మళ్ళీ పెళ్ళికి కాగితం రాస్తున్నారా?"

"నన్నేం చెయ్యమంటావు? నూసెన్ గుమ్మానికి దొంగ వచ్చాడని చెప్పనా? రేపు నా కిటికీ ఒక్కటి మిగలదు. ప్రవక్త మాట న్యాయస్థానంలో చెల్లదని నాకు తెలుసు. సాక్షి మనిషై ఉండాలి, పైనుంచి దిగినవాడైతే పనికిరాడు. అయినా ఊరంతా సంతోషంగా ఉంది కదా, నీకూ మంచే జరుగుతోంది కదా అని..."

"నా పిల్లలు మచ్చతో పుడితే మంచా? మీ కిటికీలు పగలకూడదని పన్నెండేళ్ళు నన్ను ఆగమన్నారు. ఇప్పుడు అవే కిటికీల కోసం ఆగొద్దంటున్నారు. మీ చదువు మండినట్టే ఉంది! ఆ మేడ మీద ఉన్నవాడు దొంగ, ఆకలేసి దొంగయ్యాడు. మీకేం ఆకలేసింది?"

రబ్బీ ముసలివాడు. ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. బల్ల మీది కాగితాన్ని మెల్లగా మడిచి పొయ్యిలో పడేశాడు. ఆయన మీద ఆమెకి గౌరవం రాలేదు గానీ, అసహ్యం కొంచెం తగ్గింది.

"విడాకుల పత్రం నడిమి రోజుల్లో రాయొచ్చు, దానికి అడ్డులేదు" అన్నాడు. "కానీ వాడు రావాలి, తన పేరు తను చెప్పాలి. కాపలా దాటి ఎలా తెస్తావు?"

"నేనెందుకు తేవాలి? మీరే పిలవండి. ఏలీయా వచ్చి తేల్చాల్సిన చిక్కులు మీ దగ్గర బోలెడున్నాయిగా. వాటి కోసం పిలుస్తున్నామంటే నూసెన్ పల్లకీ కట్టి పంపిస్తాడు."

అలాగే జరిగింది. మర్నాడు పొద్దున్నే లైబ్, షమై ప్రవక్తని చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. వెనక ఊరంతా కీర్తనలు పాడుకుంటూ వచ్చి రబ్బీ ఇంటి ముందు నిలబడింది. లోపల రబ్బీ, లేఖకుడు, గోడవార దోబ్రిష్. ఓజర్ ఆమెని చూసి వెనక్కి తిరగబోయాడు. రబ్బీ తలుపు గడియ పెట్టేశాడు.

"వెనక స్నానాలగది గుండా ఏటికి దారి ఉంది" అంది దోబ్రిష్ నెమ్మదిగా. "పత్రం నా చేతిలో పడ్డాక నేనే చూపిస్తాను. వద్దంటావా, ముందు తలుపు తెరుస్తాను. గుట్ట దగ్గరే."

ఓజర్ బయట పాటలు విన్నాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. "రాయండి" అన్నాడు.

"సాక్షులు ఇద్దరు కావాలి" అని రబ్బీ కాపలావాళ్ళ వైపు తిరిగాడు. "మీరే ఉండండి. నీ పేరేంటయ్యా?"

"ఓజర్, పీన్హాస్ కొడుకుని. బ్రోదిలో పెళ్ళయింది. ఇదిగో, ఇది నా పెళ్ళాం."

ఇది చెప్పేటప్పుడు గొంతు సవరించుకోలేదు. లైబ్ నోరు తెరుచుకుని షమై కేసి చూశాడు. షమై లైబ్ కేసి చూశాడు. చివరికి లైబ్ గొణిగాడు: "పరీక్ష పెడుతున్నాడు మనకి."

లేఖకుడు బాతు ఈక కలం ముంచి, ఊరి పేరూ ఏటి పేరూ రాసి, ఓజర్ పేరు దగ్గరికి వచ్చాడు. రబ్బీ ఆపాడు.

"ఒక్కమాట. విడాకుల్లో మొగుడికున్న ప్రతి పేరూ ఉండాలి. ఒక్కటి వదిలేసినా పత్రం చెల్లదు. ఈ ఊళ్ళో ఇతన్ని ఏమని పిలుస్తున్నారు?"

 బయటనుంచి జనం అరుపులు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"రాయి" అన్నాడు రబ్బీ. "ఏలీయా ప్రవక్త అని పిలవబడే, పీన్హాస్ కుమారుడైన ఓజర్."

లేఖకుడు అలాగే రాశాడు. సిరా ఆరాక సాక్షులు సంతకాలు పెట్టారు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అని రబ్బీ అడిగితే ఓజర్ "అయ్యో, ఇష్టమే, బాబోయ్ ఇష్టమే, కానివ్వండి" అన్నాడు. దోబ్రిష్ రెండు అరచేతులూ చాపింది. ఓజర్ పత్రం రాసిన ఆ తోలుముక్కని వాటిలో పడేసి, ఆమె కళ్ళలోకి చూడకుండా, చెప్పాల్సిన మాట చెప్పాడు: "ఇదిగో నీ విడాకులు. ఇకమీద నువ్వు ఎవరినైనా పెళ్ళాడదగినదానివి." ఆమె దాన్ని గుప్పిట పట్టి, చంకలో పెట్టుకుని, వాళ్ళ పద్ధతి ప్రకారం గదిలో అటునుంచి ఇటు నడిచింది. వాడికి చెప్పాలని ఏళ్ళ తరబడి కూర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. వాడి ముఖం చూస్తే ఒక్క మాట కూడా ఖర్చుపెట్టబుద్ధి కాలేదు.

స్నానాలగది వెనక దారి చూపించింది. ఓజర్ కర్ర పట్టుకుని గుమ్మంలో ఆగాడు.

"దారిలో తినడానికి కాస్త ఏమన్నా..."

"ఏలీయాకి కాకులే తిండి తెచ్చాయట, నీకూ తెచ్చిపెడతాయిలే, నడువు" అని తలుపు వేసేసింది.

మధ్యాహ్నానికి రబ్బీ తలుపు తెరవగానే, గదిలో ప్రవక్త లేడని జనం హోరుమన్నారు. మళ్ళీ అగ్నిరథం వచ్చిందన్నారు. పొగ చూశానని ఒకడు, గుర్రాల సకిలింపు విన్నానని ఒకడు. ఏటిగట్టు బురదలో చెప్పుల గుర్తులు తాటికాయలంత ఉన్నాయి, వాటిని మాత్రం ఎవడూ చూడలేదు. లైబ్ అరుగెక్కి అసలు రహస్యం చెప్పాడు. దోబ్రిష్ మొగుడు ఎప్పుడో చచ్చాడట, ఏలీయా వాడి రూపం ధరించి, వాడి పేరు చెప్పుకుని ఆమెకి విడాకులిచ్చాడట. పత్రంలో ఆయన పేరు తన కళ్ళతో చూశాడట! చచ్చినవాడి పెళ్ళానికి విడాకులెందుకురా అని అడిగినవాడు లేడు. నూసెన్ ఆ వెండి గిన్నెని అద్దాల పెట్టెలో పెట్టించాడు. ఇప్పుడు లెంబర్గ్ పట్నం నాటకశాలలో ఈ కథని పాటలు కట్టి ఆడుతున్నారు. ఏలీయాకి అట్టరెక్కలు తగిలిస్తారు, దోబ్రిష్ ఎర్ర చీటిగౌను వేసుకుని మూర్ఛపోతుంది. చూసొచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వస్తారు.

రబ్బీ మాత్రం ఆ సాయంత్రమే, విడాకులయ్యాక ఆగాల్సిన మూడు నెలలు ఆగి పెళ్ళి చేసుకోవచ్చని యూకెల్‌కి చెప్పాడు. యూకెల్ ఆ రాత్రే కోలొమియాకి వద్దని కబురు పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. బ్రైన్‌దెల్ నిలబడి ఉంది. ఇరవై నిండని పిల్ల. మొగుడు గుర్రాల బేరమని బుకోవినా వైపు వెళ్ళి రెండేళ్ళయింది, అయిపూ అజా లేదు. బుట్టలో గుడ్లు, కొవ్వొత్తులు పట్టుకొచ్చింది.

"పిన్నీ, ఏ ఉపవాసం ఉన్నావో చెప్పు. నేనూ ఉంటాను. ఎన్ని దీపాలు పెట్టమంటే అన్ని పెడతాను. ఆయన్ని ఎలా రప్పించావు?"

దోబ్రిష్‌కి నవ్వొచ్చింది. "ఉపవాసమా! వాడొచ్చింది తిండికే పిచ్చిదానా. ఏలీయా లేడు, రథమూ లేదు. వాడు నా మొగుడు, పచ్చి దొంగ. ముష్టికొచ్చి దొరికిపోయాడు."

బ్రైన్‌దెల్ ముఖం వాడిపోయింది. బుట్ట గుండెకి అదుముకుంది.

"చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పొద్దులే పిన్నీ. నీ గండం గట్టెక్కింది. కానీ ఆయన వట్టి మనిషే అంటే, మరి నాకెవరొస్తారు?" అని వెనక్కి తిరిగింది.

దోబ్రిష్ నోట్లో తిట్టు ఒకటి సిద్ధంగానే ఉంది. అది బయటికి రాలేదు. ఆ రాత్రి వాడు నూసెన్ ఇల్లు కాక పక్కిల్లు తట్టి ఉంటే, ఈపాటికి తనూ ఇలాగే ఎవరి గుమ్మంలోనో బుట్ట పట్టుకుని నిలబడి ఉండేది.  గబగబా వెళ్ళి ఆ పిల్ల రెక్క పట్టుకుంది.

"ఎవరూ రారే. నా మాట విను, ఎవరూ రారు. మనమే వెళ్ళి వెతకాలి" అని లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. పెరట్లో దడి దగ్గరున్న యూకెల్‌ని కేకేసింది. "యూకెల్! పండగ అవగానే బండి కావాలి. బుకోవినాలో చెర్నోవిట్స్ గుర్రాల సంతకి పోతున్నాం." మళ్ళీ బ్రైన్‌దెల్ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. నీ మొగుడు ఎంత పొడుగు? ఎలా నడుస్తాడు?"

బ్రైన్‌దెల్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "పొడుగే పిన్నీ" అంది. "ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు."